నోవాట్నీ టొమాటోల కేసు

ట్రూడీ నోవాట్నీ మొదటిసారి మా మొక్కల క్లినిక్‌కి వచ్చేసరికి నేనొక ప్లాస్టిక్ మొక్కకి వైద్యం చేస్తున్నాను.

తప్పు నాది కాదు. దాన్ని తెచ్చిన పెద్దాయన చాలా బాధలో ఉన్నాడు. "మూడేళ్ళయింది డాక్టర్. ఒక్క కొత్తాకు వెయ్యలేదు," అన్నాడు.

నేను డాక్టర్ని కాదు. కౌంటీ ఆఫీసు వెనక గదిలో కూర్చుని, జనం సంచుల్లో పెట్టి తెచ్చే ఆకులు చూసి, ఇది పురుగు, ఇది తెగులు, ఇది మీరు నీళ్ళెక్కువ పోసిన పాపం అని చెప్పడం నా ఉద్యోగం. ఏప్రిల్లోనే చేరాను. ఇంకా ఎవరి మనసూ నొప్పించే ధైర్యం రాలేదు.

"రోజూ నీళ్ళు పోస్తున్నారా?"

"రెండు పూటలా."

"మానెయ్యండి. వారానికోసారి గుడ్డతో తుడవండి. మీకంటే ఎక్కువ బతుకుతుంది."

ఆయన కళ్ళు తుడుచుకుని, మొక్కని గుండెకి హత్తుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడే కిటికీ బయట లారీ బ్రేకు కీచుమంది. రోడ్ల శాఖ వాళ్ళ నారింజ రంగు లారీ. చలికాలం మంచు తోస్తుంది, వేసవిలో రోడ్డు పక్క గడ్డి కోసే యంత్రాన్ని లాగుతుంది. అందులోంచి ఓ అమ్మాయి దిగింది. వాన పడుతోంది. అటు తిరిగి వెళ్ళి, రెండో తలుపు తీసి, సీటు బెల్టు విప్పి, బక్కెట్లో ఉన్న టొమాటో మొక్కని పసిపిల్లని దించినట్టు దించింది. గొడుగు మొక్కకి పట్టింది. తను మాత్రం నిలువునా తడిసింది.

"మొక్కల డాక్టర్ మీరేనా?"

"డాక్టర్ని కాదండీ. కార్స్టెన్."

"సరే కార్స్టెన్. కాయితం తీసుకోండి. 'విషం' అని రాసి కింద సంతకం పెట్టండి. నేను వెళ్ళాలి, లారీ అడ్డంగా ఆపాను."

"చూడకుండా ఎలా రాస్తానండీ?"

"చూస్తూనే ఉన్నారుగా!"

చూస్తున్న మాట నిజమే. కానీ మొక్కని కాదు. ఆమె ముక్కు చివర ఒక వాన చినుకు పడాలా వద్దా అని ఆలోచిస్తోంది. నేనూ దానితోపాటు ఆలోచిస్తున్నాను.

సిగ్గుపడి భూతద్దం అందుకున్నాను. కింది ముదురాకులు శుభ్రంగా ఉన్నాయి. పై చిగుళ్ళే పాడయ్యాయి. ఆకులు దొప్పల్లా ముడుచుకుని, సన్నగా సాగి, టొమాటో ఆకుల్లా కాక దారప్పోగుల్లా ఉన్నాయి. కాండం జడ అల్లినట్టు మెలి తిరిగింది. ఆకు వెనక పురుగు లేదు, గుడ్లు లేవు, మచ్చలు లేవు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పది రోజులు."

"నీళ్ళు ఎలా పోస్తున్నారు? ఎండ ఎంతసేపు? పక్కన ఏమేం మొక్కలున్నాయి?"

"పక్కన ఏ మొక్కలున్నాయని కాదు, పక్కన ఎవరున్నారని అడగండి," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా నాన్న ఇంటి కంచెకి అవతల ఓ మహాతల్లి ఉంది. పదేళ్ళుగా కౌంటీ జాతరలో టొమాటో బహుమతి ఒక ఏడు మా ఇంటికి, ఒక ఏడు ఆవిడింటికి. ఈసారి మాకే రావాలి. అందుకని కంచె మీంచి కలుపు మందు కొట్టింది. పాల డెయిరీలు తనిఖీ చేసే ఉద్యోగం చేసి రిటైరయింది. ఆవులు కూడా ఆవిణ్ణి చూస్తే వణికేవట!"

నేను భూతద్దం కింద పెట్టాను. "ఏ ఊరండీ మీ నాన్నగారిది?"

"ప్లమ్ హాలో."

"ఆ... ఆవిడ పేరు?"

"సిగ్నె మెల్బీ. పేరు వింటేనే తెలీట్లేదూ?"

తెలిసింది. సిగ్నె మెల్బీ మా మేనత్త. నా చొక్కాకున్న బిళ్ళ మీద 'కార్స్టెన్' అని మాత్రమే ఉంది. మెల్బీ అన్న ముక్కకి అందులో చోటు సరిపోలేదు. ఆ క్షణంలో నేను నోరు తెరిచి ఉంటే ఈ కథ చాలా చిన్నదయ్యేది.

"తోట చూస్తే గానీ ఏమీ చెప్పలేనండీ," అన్నాను. "శనివారం వస్తాను."

"మంచిది. మొక్క ముందు మాత్రం గట్టిగా మాట్లాడకండి. నాన్న దానికి రోజూ ధైర్యం చెప్తున్నాడు."

*

శనివారం ప్లమ్ హాలో వెళ్ళేసరికి ఇంటి ముందు చెక్కబోర్డు కనిపించింది. చేత్తో రాసింది: 'ఇల్లు అమ్మబడును. కారణం: పొరుగు.'

పెరట్లో ట్రూడీ నాన్న లాడ్ నోవాట్నీ కంచె వైపు తిరిగి ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకా ఊదుతున్నాడు. ముప్ఫై ఏళ్ళు స్కూల్లో బ్యాండ్ నేర్పిన మనిషి. ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. ఆ వాద్యం ఆయన ఒంటికి చుట్టుకుని, కొండచిలువ మింగుతుంటే మనిషే పాట పాడుతున్నట్టుంది. కంచె అవతల్నించి జవాబుగా ఎండుటాకులు ఊదే మిషన్ గర్జించింది. జూన్ నెల. ఎండుటాకు ఒక్కటీ లేదు.

"రోజూ అయిదింటి నుంచి ఆరింటి దాకా," అంది ట్రూడీ. "ఆదివారం ఇద్దరూ సెలవు తీసుకుంటారు."

మొక్కల చుట్టూ పసుప్పచ్చ టేపు కట్టి ఉంది. హత్య జరిగిన చోట పోలీసులు కడతారే, అది. మాస్టారు నన్ను చూసి ట్యూబా దించి, నా చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"రండి డాక్టర్. మొహమాటం లేకుండా చెప్పండి. ఎన్నాళ్ళు?"

"ముందు చూడనివ్వండి మాస్టారూ."

మోకాళ్ళ మీద కూర్చుని వరసంతా చూశాను. చూసేకొద్దీ కేసు అడ్డం తిరిగింది. కంచె మీంచి మందు గాలికి వస్తే కంచె పక్క మొక్కలు ఎక్కువ దెబ్బతినాలి, దూరం పోయేకొద్దీ తగ్గాలి. ఇక్కడ తల్లకిందులుగా ఉంది. కంచెకి ఆనుకున్న చివరి మొక్క కాస్త ముడుచుకుందంతే. గేటు దగ్గరివి దారుణంగా ఉన్నాయి. బీన్స్ ఆకులూ దొప్పలయ్యాయి. వాటి మధ్యలోనే ఉన్న మొక్కజొన్న మాత్రం పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. వైరస్ అయితే టొమాటోకీ బీన్స్‌కీ ఒకేసారి ఇలా రావడం కష్టం. ఇది గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకుల్ని పట్టే మందు. అది గాల్లోంచి రాలేదు. నేలలోంచి వచ్చింది.

"మాస్టారూ, ఈ ఏడు మట్టిలో కొత్తగా ఏమైనా కలిపారా? ఎరువు, గత్తం, అలాంటివి?"

"లేదు!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన ట్యూబా తడుముకున్నాడు. "నేనా? ఎరువా? ఎక్కణ్ణించి తెస్తాను? నాకు ఒంటిచక్రం బండి కూడా లేదు!"

ఆ బండి ఆయన వెనకే ఉంది. ట్రూడీ దాన్ని చూడలేదు. నేను చూశాను.

"మీకు అర్థం కావట్లేదు," అంది ట్రూడీ, నన్ను పక్కకి లాగి. "ఇవి బహుమతి కోసం కాదు. ఇది మా అమ్మ విత్తనం. వాళ్ళ అమ్మమ్మ నుంచి వచ్చింది, దానికి పేరు కూడా లేదు. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఏటా కాసిన్ని దాచేవాళ్ళం. ఈ ఏడు నాన్న డబ్బా మొత్తం చల్లేశాడు. ఇవి పోతే ఇక లేవు." ఊడిన టేపు ముడిని మళ్ళీ బిగించింది. "అందుకే ఆవిణ్ణి వదలను."

నేను నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నా కంటే ముందు కంచె మీద ఒక తల లేచింది. గడ్డం కింద ముడేసిన రుమాలు, నుదుట రెండు కళ్ళజోళ్ళు.

"ఒరేయ్ కార్స్టెన్! ఆ ఇంట్లో ఏం చేస్తున్నావురా? చేప వేపుతున్నాను, చల్లారిపోతుంది. రా!"

మాస్టారు కంచె వంక, ట్రూడీ నా వంక చూశారు.

"ఒరేయ్?" అంది ట్రూడీ.

"మా మేనత్త," అన్నాను.

"మేనత్తా?"

"నాన్నకి అక్క."

"మేనత్తంటే ఏంటో నాకు తెలుసు! మొక్కకి ఎప్పట్నుంచి, నీళ్ళెన్ని, ఎండెంత, అన్నీ అడిగారు. ఆవిడ మా అత్త అన్న ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? నేను ఆవులు వణికేవని కూడా చెప్పానే!"

"వణికేవి," అంది కంచె మీది తల, గర్వంగా.

మాస్టారు ట్యూబా అందుకుని ఒకే ఒక్క స్వరం ఊదాడు. శవయాత్రలో ఊదేది.

*

అత్త వేపిన చేప నా గొంతు దిగలేదు.

"అత్తా, కంచె మీంచి ఏమైనా కొట్టావా?"

"నేనా? వాడే కొట్టాడు! వచ్చి చూడు."

అత్త పెరట్లో టొమాటోల మీద పూల దుప్పట్లు కప్పి ఉన్నాయి. అందరూ వాటికి దిష్టి తగలకుండా కప్పిందనుకుంటున్నారు. ఒక దుప్పటి ఎత్తింది. లోపల అదే రోగం. అవే దొప్పలు, అవే మెలికలు. ఇంకా ఎక్కువ.

"నా పరువేం కాను? ఎవరూ చూడకూడదని కప్పాను. రోజూ వీటి దగ్గర కూర్చుని ఏడుస్తున్నాను. ఏడుపు వాడికి వినపడకూడదని మిషన్ వేస్తున్నాను."

"మట్టిలో ఏం వేశావు?"

"గుర్రపు లద్దె. కొండ మీది గుర్రాలశాల నుంచి. ఏటా వేసేదే. ఈసారి వాళ్ళు గడ్డి కొత్తచోట కొన్నారట." మూల ఉన్న గుట్ట చూపించింది. "పెద్ద గుట్ట తెప్పించాను. మే నెలలో ఎవడో ఎనిమిది బళ్ళు ఎత్తుకుపోయాడు. లద్దె దొంగలు పడ్డారురా మన ఊళ్ళో!"

నేను తల పట్టుకుని గుట్ట మీద కూర్చోబోయి, ఆఖరి నిమిషంలో ఆగాను.

ఎక్కడో గడ్డి పొలంలో ముళ్ళమొక్కలు చావడానికి మందు కొట్టారు. గడ్డికి ఏమీ కాలేదు. ఆ గడ్డి గుర్రం తింది. గుర్రానికీ ఏమీ కాలేదు. మందు మాత్రం లద్దెలోకి చెక్కుచెదరకుండా దిగింది. అక్కణ్ణించి అత్త తోటలోకి. అక్కణ్ణించి ఒంటిచక్రం బండిలో...

ఇది నా అనుమానం. రుజువు కాదు. మేనల్లుడు చెప్తే ఎవరు నమ్ముతారు?

*

సోమవారం ట్రూడీ పనిచేసే చోటికి వెళ్ళాను. రోడ్డు పక్కన గడ్డి కోస్తోంది. చేతులూపాను. ఆపలేదు. లారీ పక్కనే పరిగెత్తాను. మనిషి నడక కంటే కొంచెం వేగంగా పోతుంది, అంతే. అందువల్ల మా పోట్లాట మైలున్నర సాగింది.

"నన్ను నమ్మొద్దు!" అని అరిచాను. "బీన్స్‌ని నమ్మండి!"

"ఏంటీ?"

"బీన్స్! ఆ మందుంటే మట్టిలో బీన్స్ మొలిచి మూడువారాల్లో ముడుచుకుంటాయి. వాటికి మేనత్తలుండరు!"

లారీ ఆగింది. ఆమె అద్దం దించింది. నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంటోంది.

"మట్టి మీరే తవ్వండి," అన్నాను ఆయాసపడుతూ. "మీ నాన్న తోటలోది, మా అత్త గుట్టలోది, కొట్లో కొన్నది. కుండీలకి గుర్తులు మీరే పెట్టండి. ఏది ఏదో నాకు చెప్పొద్దు. కవర్లో రాసి మీ దగ్గరే పెట్టుకోండి."

"కాపలా కూడా నేనే ఉంటాను. మీరు రాత్రికి రాత్రి ఆకులు మడతపెట్టే రకం."

"ఉండండి."

"రోజూ వస్తాను."

"రండి," అన్నాను. ఆ మాట కాస్త ఎక్కువ ఉత్సాహంగా వచ్చింది.

అలా మా క్లినిక్ కిటికీలో పన్నెండు కుండీలు చేరాయి. వాటి ముందు ఒక మడతకుర్చీ. కుర్చీలో ట్రూడీ. నాలుగున్నరకి పని దిగి వచ్చేది, ఆరుకి వెళ్ళేది. మొదటి మూడ్రోజులు నాతో మాట్లాడలేదు. తాజా చీజ్ ముక్కల పొట్లం విప్పి, పళ్ళ కింద కిచకిచమనిపిస్తూ, నన్ను చూడకుండా తినేది.

నాలుగో రోజు పొట్లం నా వైపు జరిపింది. "మీకోసం కాదు. మిగిలాయి."

అయిదో రోజు మొలకలొచ్చాయి. ఇద్దరం ఒకేసారి వంగాం. తలలు ఠపీమని కొట్టుకున్నాయి.

"మీ తలలో ఏముంది, రాయా?" అంది నుదురు రుద్దుకుంటూ.

"ప్రస్తుతం ఏమీ లేదు," అన్నాను. అది అక్షరాలా నిజం.

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. చలికాలంలో లారీ నడుపుతుంటే ఊళ్ళో వాళ్ళంతా తనవైపు కాఫీ కప్పు ఎత్తి పలకరిస్తారనీ, వేసవిలో గడ్డి కోస్తుంటే ఒక్కడూ చూడడనీ చెప్పింది. వాళ్ళమ్మ టొమాటోలు కోసి ఉప్పు చల్లి, కోసిన చెక్క మీదే తినేసి, భోజనానికి పిలిస్తే ఆకల్లేదనేదని చెప్పింది. నేనేమో చిన్నప్పుడు పక్కింటి వాళ్ళ గులాబీలకి పేనుబంక పట్టిందని చెప్పకుండా వాళ్ళ గోడ దూకి ఒక్కో పురుగూ చేత్తో ఏరి, దొంగనుకుని దొరికిపోయిన సంగతి చెప్పాను. ఆమె నవ్వి నవ్వి కుర్చీతో సహా మడతపడింది.

తొమ్మిదో రోజు వాన. కిటికీ అద్దం మీద నీళ్ళు గీతలు గీస్తున్నాయి.

"ఇందాకట్నుంచి నువ్వు బీన్స్‌ని చూడట్లేదు," అంది.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరం గమనించాం. ఎవరం ఆ మాట ఎత్తలేదు.

"మరి దేన్ని చూస్తున్నాను?"

"నన్ను."

"గడియారం చూస్తున్నా."

"గడియారం నీ వెనక గోడకుంది."

నేను వెనక్కి తిరిగి గడియారాన్ని చాలాసేపు చూశాను. చెవులు కాలుతున్నాయి.

"నీకు ఇంకేదో తెలుసు కదా, ఈ కేసులో?" అంది కాసేపాగి.

ఈసారి దాచదలుచుకోలేదు. "తెలుసు. కానీ అనుమానమే. బీన్స్ చెప్పాక చెప్తాను. ముందే చెప్తే ఒక మనిషి పరువు పోతుంది. నేను తప్పైతే ఆ పరువు మళ్ళీ తేలేను."

ఆమె నన్ను కొత్తగా చూసినట్టు చూసింది. "సరే," అంది. అంతే. ఆ 'సరే' విన్నాక రెండ్రోజులు నాకు అన్నం రుచి తెలీలేదు.

పధ్నాలుగో రోజుకి మూడో జత ఆకులు విచ్చుకున్నాయి. నాలుగు కుండీల్లో పచ్చగా, అరచేతుల్లా, బల్లపరుపుగా. ఎనిమిదింట్లో దొప్పలు.

ట్రూడీ కవరు బయటికి తీసి, తెరవకుండా మళ్ళీ జేబులో పెట్టుకుంది. "అందర్నీ పిలుద్దాం," అంది.

*

శుక్రవారం మధ్యాహ్నం విచారణ. మాస్టారు బ్యాండు యూనిఫారం వేసుకుని, భుజం మీద బంగారు కుచ్చులతో, ట్యూబాతో సహా వచ్చాడు. తలుపులోంచి ట్యూబా పట్టలేదు. ఆయన దాన్ని వదల్లేదు. చివరికి సగం లోపల, సగం బయట నిలబడ్డాడు. అత్త దుప్పటి కప్పిన కుండీ ఒకటి సాక్ష్యంగా ఎత్తుకొచ్చింది. ప్లాస్టిక్ మొక్క పెద్దాయన కూడా ఉన్నాడు. తుడిచాక మొక్క తళతళలాడుతోందని థాంక్స్ చెప్పడానికొచ్చి, కుర్చీ ఖాళీగా కనిపిస్తే కూర్చున్నాడు.

ట్రూడీ కవరు చించి చదివింది. "బాగున్న నాలుగూ కొట్లో మట్టి. ముడుచుకున్నవాటిలో నాలుగు మన తోట మట్టి నాన్నా. అన్నిట్లోకీ ఘోరంగా ఉన్న నాలుగూ... సిగ్నె గారి లద్దె గుట్ట."

"చూశారా!" మాస్టారు గర్జించాడు. ఆ గర్జన సగం ట్యూబాలోంచి వచ్చింది. "ఆవిడ లద్దే! ఆవిడ లద్దే నా టొమాటోల్ని చంపింది! దొరికిపోయింది!"

అత్త నెమ్మదిగా ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకుంది. ఒకప్పుడు ఆవులు చూసిన చూపు అదే అయ్యుండాలి.

"అవును లాడ్. నా లద్దే," అంది. "నా లద్దె నీ తోటలోకి ఎలా వచ్చింది?"

ప్లాస్టిక్ మొక్క పెద్దాయన ముందుకి వంగాడు.

మాస్టారి ముఖం ట్యూబా రంగులోంచి టొమాటో రంగులోకి మారింది.

"నాన్నా?" అంది ట్రూడీ.

"ఎనిమిది బళ్ళు," అన్నాడు ఆయన, నేల చూపులు చూస్తూ. "గేటు దగ్గర్నుంచి వేసుకుంటూ వచ్చాను. కంచె దాకా వచ్చేసరికి అయిపోయింది. తొమ్మిదో బండికి వెళ్దామంటే తెల్లారిపోయింది."

"ఎందుకు నాన్నా?"

"మీ అమ్మ పోయాక ఏటా కాయ చిన్నదైపోతోంది. తను మట్టిలో ఏం కలిపేదో నేనెప్పుడూ అడగలేదు. పక్కనేమో టొమాటోలు ఇంతింత లావు. ఎలా అడగను? ఆవిడతో మాటల్లేవు. మీ అమ్మ సంస్మరణ కచేరీకి ఆవిడ రాలేదని నేనే మానేశాను." ఆయన భుజం మీది కుచ్చు సరిచేసుకున్నాడు. "ఒక్క ఏడన్నా, తనున్నప్పుడు కాసినంత కాయ కాయాలనుకున్నాను. ఉన్న విత్తనమంతా దానికే చల్లేశాను. దొంగతనం చేశాను. అమ్మ విత్తనాన్ని చంపుకున్నాను."

అత్త కుండీ కింద పెట్టి, దుప్పటి తీసేసింది. ముడుచుకుపోయిన తన మొక్కని అందరూ చూశారు.

"కచేరీకి వచ్చాను," అంది. "గేటు దాకా. లోపలికి వస్తే ఏడ్చేస్తానని తిరిగి వెళ్ళిపోయాను. నాకు నలుగురిలో ఏడవడం రాదు లాడ్. ఆ గుర్రపు లద్దె సంగతి నాకు చెప్పిందే మీ ఆవిడ. ఒక్క మాట అడిగితే బండి నేనే తోసేదాన్ని కదయ్యా."

మాస్టారు ట్యూబాలోంచి బయటపడే ప్రయత్నం చేశాడు. కుదర్లేదు. అలాగే, సగం లోపల సగం బయట నిలబడి, చెయ్యి చాపాడు. అత్త వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది. పెద్దాయన ముక్కు చీదాడు.

నా కళ్ళు మాత్రం ట్రూడీ మీదున్నాయి. ఆమె కవరు నలిపేస్తోంది.

"బతుకుతాయా?" అంది నా వైపు తిరిగి. "ఇప్పుడు డాక్టర్లా చెప్పు."

"గేటు దగ్గరివి బతకవు. కానీ కంచె పక్క చివరి మొక్కకి ఎరువు సరిగా అందలేదు. దాని పక్క పిలకలు కొన్ని మామూలుగా ఉన్నాయి. కోసి మంచి మట్టిలో గుచ్చితే వేళ్ళు దిగుతాయి. ఆలస్యంగానైనా కాయొచ్చు. ఒట్టేసి చెప్పలేను."

"ఒట్టొద్దు. కత్తెర తీసుకో."

*

ఆ సాయంత్రం ఏడు పిలకలు కోశాం. మాస్టారు టార్చి పట్టాడు, ఇంకా ఎండ ఉన్నా సరే. అత్త ఒక్కో పిలకకీ పాల నమూనాల మీద అంటించే చీటీ అంటించింది. అయిదు చచ్చిపోయాయి. రెండు వేళ్ళూనాయి. ఆగస్టు జాతరలో మా రెండు తోటలకీ బహుమతి రాలేదు. అత్తా మాస్టారూ బహుమతి వచ్చినవాడి టొమాటోల ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి ఏకాభిప్రాయంతో, అరగంటసేపు వాటిని తిట్టారు.

సెప్టెంబరులో మంచు పడే సూచన రాగానే కుండీల్ని క్లినిక్ కిటికీలోకి తెచ్చేశాం. అక్టోబరు మొదట్లో ఒకే ఒక్క కాయ పండింది. వంకరగా, నెర్రెలు విచ్చి, అందంలో దానికి మార్కులు పడవు. మాస్టారు వంటింట్లో కోశాడు. నలుగురం ఉప్పు చల్లుకుని ఒక్కో ముక్క తిన్నాం. గింజలు గాజుసీసాలో నీళ్ళలో వేసి, తర్వాత కాయితం మీద ఆరబెట్టారు. ఇంటి ముందు బోర్డు తీసి పొయ్యిలో పెట్టారు.

ఇక ట్రూడీ రోజూ క్లినిక్‌కి రావడానికి కారణమేమీ లేదు. అయినా వచ్చేది. మడతకుర్చీ ఎవరూ తియ్యలేదు. అయినా నేను నోరు తెరవలేదు. వందమంది తెచ్చిన వంద ఆకులు చూసి ఠక్కున చెప్పేవాణ్ణి, నాకేమైందో నాకు తెలిసీ చెప్పలేకపోయాను. ఒకసారి దాచి దొరికినవాడికి రెండోసారి చెప్పడం కూడా భయమే.

అక్టోబరు ఆఖర్లో, ఎవరూ అనుకోని రోజున, పొద్దున్నే మంచు కురిసింది. నా కారు ప్లమ్ హాలో రోడ్డు మీద జారి పక్క గుంటలో బుద్ధిగా కూర్చుంది. ఒళ్ళో అట్టపెట్టె. అందులో మాస్టారు ప్లమ్ పండు గుజ్జు పెట్టి చేసిన తీపి బన్నులు, కొలాచీలు; వాటి మధ్యన చిన్న పొట్లంలో సగం విత్తనాలు. అత్తకి నా చేత పంపిస్తున్నాడు. రెండిళ్ళ మధ్యా కంచే కదా అంటే, ఇలాంటివి చేత్తో పంపాలి, కంచె మీంచి విసరకూడదన్నాడు. అందుకని పొద్దున్నే కారులో నా దగ్గరికి తెచ్చిచ్చాడు, నేను పన్నెండు మైళ్ళు వెనక్కి తెస్తున్నాను.

నారింజ రంగు లారీ మంచు తోసుకుంటూ వచ్చి ఆగింది.

"ఎక్కు," అంది ట్రూడీ. "రూలు ప్రకారం ఎక్కించుకోకూడదు. ఎక్కు."

ఎక్కాను. పెట్టె ఒళ్ళో సరిగా పట్టలేదు. కింద ఏదో గట్టిగా తగులుతోంటే పెట్టెని ఇంకాస్త నొక్కి కూర్చున్నాను. బయటంతా తెలుపు. వైపర్లు అటూ ఇటూ.

"ఏంటంత సైలెంట్‌గా ఉన్నావ్?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉంది."

ఆ మంచులో, లారీ హీటరు వేడిలో, ఆమె స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తూ నా జవాబు కోసం రోడ్డునే చూస్తుంటే, నాకు ఇక దాచడానికి ఓపిక అయిపోయింది.

"ట్రూడీ, నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఇష్టమంటే చీజ్ ముక్కలంటే ఇష్టం లాంటిది కాదు. నువ్వు రాని ఆదివారం నాడు నేను ఆఫీసుకి వెళ్ళి ఆ కుర్చీ ఎదురుగా కూర్చుని వచ్చాను. తలుపు తాళం తీసి మరీ. ఎప్పట్నుంచి అంటే తెలీదు. ఎవరైనా మొక్క తెస్తే మొదటి ప్రశ్న అదే అడుగుతాను, నా విషయంలో రాసుకోలేదు. ప్రేమ. అదీ సంగతి. నువ్వేం చెప్పినా పర్లేదు. పర్లేదంటే... చాలా బాధపడతాను, కానీ పర్లేదు. కొలాచీలు చల్లారిపోతాయి, పోనీ."

ఆమె లారీ పక్కకి తీసి ఆపింది. నా వైపు తిరిగింది. కళ్ళలో ఏదో మెరిసింది. నోరు తెరిచింది.

సరిగ్గా అప్పుడు పెట్టె కాస్త జరిగింది. డాష్‌బోర్డు మీది రేడియోలోంచి బొంగురు గొంతు పలికింది.

"ట్రూడీ, డ్యువేన్‌ని." వాళ్ళ ఫోర్‌మన్. "ఆ కుర్రాడు మైకు బటన్ మీద కూర్చున్నాడు. కౌంటీ మొత్తం విన్నాం."

పెట్టె ఎత్తాను. కింద రేడియో మైకు.

ఇంకో గొంతు: "ఆరో నంబరు బండిని. నేను బ్రిడ్జి దగ్గర ఆపేశాను. ఏమంది?"

ఇంకొకటి: "పాపం, తలుపు తాళం తీసి మరీ కూర్చున్నాడట! చెప్పు ట్రూడీ, చెప్పేయ్."

"పదకొండు బళ్ళూ ఆగిపోయాయమ్మా," అన్నాడు డ్యువేన్. "రోడ్లు మూసుకుపోతున్నాయి. అవునో కాదో తేల్చు. స్కూలు బస్సులు కదలాలి."

ట్రూడీ నా వైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూశాను. ఆమె చెయ్యి చాపి, నా వేళ్ళ సందులోంచి మైకు మెల్లగా తీసుకుంది. వేళ్ళు మాత్రం వదల్లేదు. బటన్ నొక్కింది.

"అవును," అంది. "ఇక ఎవరి మంచు వాళ్ళు తోసుకోండి."